ఉతికిన గ్లౌజులు

మా ఆసుపత్రి మేడ మీద రెండు రకాల సరుకు ఎండుతుంది. ఒకటి, పెద్ద డాక్టరు గారింట్లో ఏడాది కారానికి కొన్న మిరపకాయలు. రెండోది, మేం వాడిన గ్లౌజులు. ఒక్కసారి వాడి పారెయ్యమని డబ్బా మీద అచ్చేసి ఉన్న గ్లౌజులే. ఆయా పున్నమ్మ వాటిని బకెట్లో సర్ఫు వేసి ఉతికి, వేళ్ళు కిందికి వేలాడేలా తాడుకు క్లిప్పులు పెడుతుంది. ఆరాక పౌడరు చల్లి మళ్ళీ జతలు కడుతుంది. ఎక్కడన్నా చిరిగితే ప్లాస్టరు ముక్క అంటిస్తుంది. గాలి వీస్తే ఆ వేళ్ళ నుంచి నీళ్ళు కారి మిరపకాయల మీద పడతాయి. ఆ కారం పెద్ద డాక్టరు గారు నెయ్యి వేసుకుని అన్నంలో కలుపుకుంటారని తలుచుకుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది. ఎక్కువసార్లు రాదు.

నా పేరు సిద్దిక. చిలకలూరిపేట దాటాక ఒంగోలు వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ వార్డులో స్టాఫ్ నర్సుని. నాలుగేళ్ళయింది. ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినా, చెప్పకపోయినా మా వైపు వాళ్ళకి తెలుసు.

మాది పత్తి, మిరప పండే నేల. మందు కొట్టని చేను లేదు. అందుకని మాకు పురుగుమందు కేసులు వారానికి నాలుగైనా వస్తాయి. గాలికి ఎదురు నిలబడి మందు కొట్టినవాళ్ళు, చేలో దాహమేసి మంచినీళ్ళ సీసా అనుకుని పక్క సీసా ఎత్తినవాళ్ళు, తెలిసే ఎత్తినవాళ్ళు. తాగినవాళ్ళకి గొట్టం వేసి కడుపు కడగాలి. లోపలి నుంచి వచ్చేదాని వాసన చెబితే అర్థమయ్యేది కాదు. కిరసనాయిలు, కుళ్ళిన వెల్లుల్లి, వాంతి, మూడూ కలిపి ముక్కుకి రాసినట్టుంటుంది. ఆ నీళ్ళు ఒంటి మీద పడితే చర్మంలోంచి కూడా మందు లోపలికి దిగుతుంది. కడిగేవాళ్ళకి గ్లౌజులు, ఏప్రన్, మాస్కు ఉండాలి. తడిసిన బట్టలు వెంటనే తీసెయ్యాలి. ఈ రూలు మా వార్డు గోడ మీద లామినేషన్ చేయించి అంటించారు. రూలు గోడ మీద ఉంటుంది, పని పున్నమ్మ మీద ఉంటుంది.

నిజానికి కడుపు కడగాల్సింది నర్సు. నేను చేరిన మొదటి వారంలోనే సీనియర్లు నేర్పారు, ఆయాని పిలవాలని. ముందు "కాస్త గొట్టం పట్టుకో" అంటాం. తర్వాత "నీళ్ళు పొయ్యి" అంటాం. ఆ తర్వాత మనం అడుగు వెనక్కి వేసి కేసు షీటు రాసుకుంటూ నిలబడతాం. దీనికి మా వార్డులో పేరు "సాయం". పున్నమ్మ సాయం చేస్తోంది, అంటాం. పున్నమ్మకి యాభై దాటాయి. ఎన్ని వందల కడుపులు కడిగిందో లెక్క లేదు.

ఈ ఏడు రంజాను, ఈస్టరుకు ముందొచ్చే క్రైస్తవుల శ్రమదినాలు కలిసి వచ్చాయి. నేను ఒక్కపొద్దు, పున్నమ్మా ఒక్కపొద్దు. నేను తెల్లవారకముందు తిని సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టను. పున్నమ్మ చర్చిలో సాయంత్రం ప్రార్థన అయ్యాకే ఎంగిలిపడుతుంది. "మనిద్దరం ఒకటే జట్టు సిస్టరమ్మా, వీళ్ళంతా టీలు తాగనీ," అనేది నవ్వుతూ.

ఆ రోజు పొద్దున పదింటికి ఒక కౌలురైతుని ట్రాక్టర్ ట్రక్కులో వేసుకొచ్చారు. నీళ్ళనుకుని తాగాడన్నారు. చొక్కా నిండా వాంతి. స్పృహ సగమే ఉంది. డ్యూటీ డాక్టర్ జయపాల్ చూసి, గొట్టం వేసి, "కడగండి" అని ఇంకో కేసుకి వెళ్ళిపోయాడు.

గ్లౌజుల కోసం చూశాను. ముందు రోజు ఉతికినవి మేడ మీద ఇంకా తడిగానే ఉన్నాయట. కొత్త డబ్బాలు పద్దెనిమిది స్టోరులో ఉన్నాయి, తాళంలో. ఆ పై వారం నాణ్యత సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. వాళ్ళు వచ్చేసరికి అల్మరా నిండుగా కనబడాలని మేనేజర్ ప్రకాష్ గారు ఒక్క డబ్బా కూడా తియ్యనివ్వడం లేదు.

ఇక్కడి దాకా తప్పు వాళ్ళది. ఇక్కడి నుంచి నాది.

నా యూనిఫాం జేబులో ఒక కొత్త జత ఉంది. ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే స్నేహితురాలిని బతిమాలి తెచ్చుకున్నాను. నాకోసం దాచుకున్నాను. ఆ రైతు దగ్గరికి ఒక్క అడుగు వేశానో లేదో వాసన గొంతులోకి కొట్టింది. వాంతి వస్తే ఒక్కపొద్దు పోతుందని భయం వేసింది. భయం కాదు, అసహ్యం. చేతులు కట్టుకుని గుమ్మంలోకి తిరిగి పిలిచాను.

"పున్నమ్మక్కా, కాస్త సాయం పట్టు. నేను ఒక్కపొద్దున్నాను."

తనూ ఒక్కపొద్దేనని ఆమె అనలేదు. కొంగు నడుముకి దోపుకుని వచ్చింది. ఒట్టి చేతుల్తో ఆ గొట్టం పట్టుకుంది. నాలుగో చెంబు పోసేసరికి ఆ మనిషి ఒక్కసారిగా కక్కాడు. పున్నమ్మ మెడ దగ్గర్నుంచి నడుము దాకా తడిసిపోయింది. జాకెట్టులోకి కారింది. కొంగుతో మెడ తుడుచుకుని మళ్ళీ నీళ్ళు పోసింది. నా జేబులో గ్లౌజులు నా తొడకి తగులుతూనే ఉన్నాయి.

కడగడం అయ్యాక ఆమె అడిగింది.

"ఇంటికెళ్ళి చీర మార్చుకొస్తాను సిస్టరమ్మా. ఒళ్ళంతా మంటగా ఉంది."

"ముందు నేల తుడిచెయ్యక్కా, మేనేజర్ గారు రౌండ్లకొస్తారు. తర్వాత వెళుదువుగాని."

నేల తుడిచింది. తర్వాత ఇంకో వార్డు వాళ్ళు పిలిచారు. ఆ చీర ఆమె ఒంటి మీదే ఆరిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి మేడ మెట్ల మీద బకెట్టు దొర్లిన చప్పుడు. వెళ్ళి చూస్తే పున్నమ్మ మూడో మెట్టు మీద ఒరిగిపోయి ఉంది. చెమటతో తల దగ్గర్నుంచి తడిసిపోయింది. ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం.

అందరికీ ఒకటే మాట. ఒక్కపొద్దు. "ఈ ఎండకి, ఈ వయసుకి ఎందుకమ్మా ఉపవాసాలు," అంది ఇంకో నర్సు. ప్రకాష్ గారు వచ్చి, "దేవుడు చెయ్యమన్నాడా డ్యూటీలో పడిపొమ్మని? ఒక గ్లూకోజు ఎక్కించి ఇంటికి పంపండి," అన్నాడు. పున్నమ్మ కూడా కళ్ళు మూసుకునే, "ఏం లేదమ్మా, ఖాళీ కడుపు," అంది. నాకూ అదే తోచింది. నాక్కూడా ఆ వేళకి తల తిరుగుతోంది. ఇద్దరం ఒకటే జట్టు కదా, నాకున్నదే ఆమెకీ ఉందనుకున్నాను. ఒక్కపొద్దు ఉన్న మనిషిని చూస్తే ఇంకో ఒక్కపొద్దు మనిషికి ఇంకే జబ్బూ గుర్తుకు రాదు.

సెలైన్ పెట్టాను. ఆమె మూతి పక్కన జొల్లు కారుతుంటే దూదితో తుడిచాను. మళ్ళీ కారింది. మళ్ళీ తుడిచాను. దిండు తడిసింది. అప్పుడు నా నాలుక నా అంగిటికి అంటుకుపోయి ఉన్న సంగతి నాకు తెలిసింది. పొద్దుటి నుంచి నీళ్ళు తాగకపోతే నా నోరు అట్టలా ఉంది. ఏమీ తాగని ఈమె నోట్లో ఇన్ని నీళ్ళు ఎక్కడివి?

టార్చి వేసి కంటిపాప చూశాను. ఆవగింజంత ఉంది. నాడి పట్టుకుంటే యాభై కూడా లేదు. పైట తొలగించి చూస్తే గుండెల మీద చర్మం కింద కండ దానంతటదే అదురుతోంది. పక్క మంచం మీద పొద్దుటి రైతుకి ఏమేం ఉన్నాయో అవన్నీ ఈమెకీ ఉన్నాయి. వార్డులో ప్రతి వారం చూసే లక్షణాలే. పట్టు చీర కట్టుకుని ఎవరైనా వచ్చి పడితే క్షణంలో గుర్తుపట్టేవాళ్ళం.

జయపాల్‌ని కేకేశాను. చూసీ చూడగానే అతని ముఖం పాలిపోయింది.

"అట్రోపిన్ తీసుకురండి. ఆ బట్టలు కోసెయ్యండి, ముందు ఆ బట్టలు కోసెయ్యండి!"

అప్పుడు వేసుకున్నాను నా జేబులోని గ్లౌజులు. కత్తెరతో జాకెట్టు కోస్తుంటే లోపల చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. సబ్బు పెట్టి మెడ, చంకలు, చేతులు, జుట్టు మూడుసార్లు కడిగాను. కడుగుతున్నంతసేపూ ఆ వాసనే. ఈసారి నాకు వాంతి రాలేదు. నా మీద నాకు కలిగిన అసహ్యం ముందు అది ఎంత?

అట్రోపిన్ ఈ పురుగుమందుకి విరుగుడు. మూడు దాటాక కంటిపాప కొంచెం విచ్చుకుంది. జొల్లు తగ్గింది. ఊపిరిలో గురక తగ్గింది. బతుకుతుందనిపించింది. అప్పుడు ఆమె కేసు షీటు తీసి చూశాను.

"ఉపవాసం వల్ల నీరసం. గ్లూకోజు ఒక సీసా." కింద జయపాల్ సంతకం.

"డాక్టర్ గారూ, అట్రోపిన్ ఎక్కడ రాశారు?"

అతను నా వైపు చూడలేదు. "పక్క మంచం షీట్లో రాశాను సిస్టర్. స్టాకు లెక్క సరిపోతుంది."

పున్నమ్మకి ఇచ్చిన ఇంజెక్షన్లన్నీ ఆ రైతు పేరు మీద రాసేశారు. నా డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. తర్వాత వచ్చే నర్సు చూసేది షీటే. షీట్లో నీరసం అని ఉంటే గ్లూకోజు అయ్యాక సూది పీకేసి ఇంటికి పొమ్మంటుంది. ఈ పురుగుమందు ప్రభావం దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కుతుంది. గంట గంటకీ చూస్తూ ఇంజెక్షను ఇవ్వకపోతే తెల్లారేసరికి మనిషి ఉండదు. అటు ఆ రైతు షీట్లో, అతనికి చెయ్యని మందు చేసినట్టుంది. ఇద్దరికీ ముప్పే.

"ఇది ఎవరు రాయమన్నారు?"

"ప్రకాష్ గారు చెప్పారు. తనిఖీ ఉందిగా. అయినా మనం నోటితో చెబుతాంగా, వచ్చే సిస్టర్‌కి." అని, మెల్లిగా, "నేనూ ఇక్కడ కాంట్రాక్టు మీదే ఉన్నానండీ," అన్నాడు. అతనికి ఇరవై ఆరేళ్ళు. ఆ క్షణాన చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టే అర్హత నాకుందా అని కూడా అనిపించింది.

ప్రమాదాల రిజిస్టరు అని మా దగ్గర ఒకటుంది. సిబ్బందికి డ్యూటీలో ఏం జరిగినా అందులో రాయాలి, ఆ పేజీ నంబరు కేసు షీట్లో వెయ్యాలి. నాలుగేళ్ళలో అందులో ఒక్క గీత లేదు. సూదులు గుచ్చుకోక కాదు, రోగి బంధువులు కొట్టక కాదు. ఎవరూ రాయలేదు, అంతే. అది తీసి పెన్ను పట్టుకునేసరికి ప్రకాష్ గారు వచ్చి నిలబడ్డాడు. గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది.

"రాయమ్మా, రాయి. కడుపు కడగాల్సింది ఎవరు?"

"నర్సు."

"ఆ టైములో డ్యూటీలో ఉన్న నర్సు ఎవరు?"

పెన్ను మూత పెట్టాను.

"మరి ఎవరి పేరు రాస్తావు? చదువుకున్న పిల్లవి, తెలివి ఉండాలి. మనిషి బాగానే ఉంది కదా. ఏదో పుణ్యకాలం, ఉపవాసం ఉంది, కళ్ళు తిరిగాయి. నీకూ మంచిది, మాకూ మంచిది." వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేను వెంటనే రాశానని చెబితే అబద్ధం. పది నిమిషాలు కూర్చున్నాను. మా ఇంట్లో జీతం వచ్చేది నాకొక్కదానికే. వచ్చే నర్సుకి నోటితో చెబితే సరిపోతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. జయపాల్ మాటే నా నోట్లో తయారైంది. ఒక మనిషి ప్రాణానికీ, నా పేరు పక్కన ఒక ఎర్ర గీతకీ మధ్య బేరం చేస్తూ పది నిమిషాలు. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు నాకే కంపరమెత్తుతుంది.

తర్వాత రాశాను. పది గంటలకి కేసు వచ్చిందనీ, గ్లౌజులు ఉతికి వాడుతున్నామనీ, కొత్తవి తాళంలో ఉన్నాయనీ రాశాను. ఆయా చెయ్యకూడని పని నేనే చెయ్యమన్నాననీ, నా జేబులో కొత్త జత ఉండి కూడా ఇవ్వలేదనీ, బట్టలు మార్చుకుంటానంటే ఆపాననీ రాశాను. ఇచ్చిన ప్రతి అట్రోపిన్ టైముతో సహా పున్నమ్మ షీట్లో ఎక్కించాను. రైతు షీట్లో తప్పుగా రాసినవి కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. రిజిస్టరులో రాసిన రెండు పేజీలూ ఫోనులో ఫొటో తీసుకున్నాను. వచ్చిన నర్సు షీటు చదివి, గడియారం చూసుకుని, మొదటి ఇంజెక్షను నా ముందే లోడు చేసింది.

మూడో రోజుకి పున్నమ్మ లేచి కూర్చుంది. నేను జావ కలిపి ఇస్తుంటే ప్రకాష్ గారు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం, సిరా డబ్బా. ముఖం నిండా నవ్వు. నాకా నవ్వు అర్థం కాలేదు. నా రిజిస్టరు చూసి మండిపడతాడనుకున్నాను.

"ఎట్టున్నావు పున్నమ్మా? దీని మీద ఒక వేలిముద్ర వెయ్యి."

"ఏం రాశారయ్యా?"

చదివి వినిపించాడు. ఆసుపత్రిలో గ్లౌజులు, ఏప్రన్లు సరిపడా ఉన్నాయి. స్టాఫ్ నర్సు సిద్దిక తన నిర్లక్ష్యాన్ని తనే లిఖితపూర్వకంగా ఒప్పుకుంది. యాజమాన్యం వెంటనే స్పందించి ఆమెని ఉద్యోగం నుంచి తొలగించింది, ఆయాకి ఉచితంగా వైద్యం చేయించింది. పైన చెప్పినదంతా నిజమని ఆయా పున్నమ్మ సాక్ష్యం.

నవ్వు ఎందుకో అప్పుడు తెలిసింది. నేను రాసిన రెండు పేజీల్లోంచి నా తప్పు మాత్రం కోసుకుని, దాన్నే తనిఖీ వాళ్ళ ముందు పెడతారు. మా దగ్గర తప్పు జరిగితే దాచం, చూడండి, అని చూపిస్తారు. సర్టిఫికెట్టు కూడా వస్తుంది. నా నిజం వాళ్ళకి అలంకారం. నా ఉద్యోగం పోయిందన్న మాట కూడా ఆ కాగితంలోనే మొదటిసారి విన్నాను.

పున్నమ్మ జావ గ్లాసు కింద పెట్టింది.

"గ్లౌజులు సరిపడా ఉన్నాయనా రాశారు?"

"ఉన్నాయిగా. స్టోరు నిండా ఉన్నాయి."

"మరి నాలుగేళ్ళ నుంచి మేడ మీద నేనేం ఉతుకుతున్నానయ్యా? మీ ఇంటి చొక్కాలా?"

పక్క మంచాల వాళ్ళు ఇటు తిరిగారు. ప్రకాష్ గారి నవ్వు కొంచెం తగ్గింది. "అదంతా నీకెందుకు? ఈ అమ్మాయి నిన్ను చంపబోయింది. జేబులో గ్లౌజులు పెట్టుకుని నీకివ్వలేదు. తనే రాసింది, తెలుసా?"

పున్నమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకోలేదు, దించుకుంటే అదొక నాటకం అవుతుంది. "నిజమే అక్కా," అన్నాను.

ఆమె చూపు మళ్ళీ ప్రకాష్ గారి చేతి మీదికి వెళ్ళింది. కాగితం అందుకుంటుందనే అనుకున్నాను. అందుకున్నా నేను ఏమీ అనేదాన్ని కాదు.

"ఆ పిల్ల తప్పు ఆ పిల్ల రాసుకుంది," అంది ప్రకాష్ గారితో. "మీది మీరు రాయండి. డాక్టరు గారిది డాక్టరు గారు రాయాలి. అందరియీ ఒక్క కాయితం మీదికొస్తే అప్పుడు తీసుకురాండి. పదివేళ్ళూ వేస్తాను."

"వెయ్యకపోతే రేపట్నించి పనిలోకి రావద్దు."

"రాను. ఈసారి కేసొస్తే మీరే కడగండి."

అతను సిరా డబ్బా మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఆయాసపడుతోంది. ఆ నాలుగు మాటలకే నుదుటి మీద చెమట పట్టింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా, కొంచెం సంతోషం కూడా వచ్చింది, నన్ను కాపాడిందని. ఆమె చెయ్యి పట్టుకోబోయాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీకోసం కాదు సిద్దికా," అంది. నాలుగేళ్ళలో సిస్టరమ్మా అనకుండా నన్ను పిలవడం అదే మొదలు. "వాళ్ళు రాసింది అబద్ధం గనక వెయ్యలేదు. నువ్వు చేసింది మర్చిపోయానని అనుకోమాకు."

"లేదక్కా."

"ఒళ్ళు మంటగా ఉందని చెప్పాను నీకు. నోరు తెరిచి చెప్పాను. నేల తుడవమన్నావు."

చాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నిన్న మా పాస్టరమ్మ వచ్చింది. శ్రమదినాలు కదా, ఎవరి మీదా ఏదీ పెట్టుకోవద్దు, క్షమించేసెయ్యి అంది. రాత్రంతా ప్రయత్నం చేశాను." గ్లాసు తీసుకుని చల్లారిన జావ ఒక్క గుక్క తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది. "ఇంకా అవలేదు. అయినప్పుడు నేనే కబురు పంపిస్తాను. నువ్వు మాత్రం అడగడానికి రామాకు."